స్పీకర్ కేబుల్, పవర్ కార్డ్ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ షోరూమ్‌లో కొన్న సామాను గురించి ఫోన్‌లో చెప్పాను, మెయిల్‌లో రాశాను. వచ్చిన జవాబు ఒక్కటే: ‘సౌండ్ అనేది వ్యక్తిగత అభిరుచి మేడమ్, దానికి రిటర్న్ ఉండదు.’ అందుకే జరిగిందంతా ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మీ పైవాళ్లు కూడా చదవాలని నా కోరిక.

మా ఇంట్లో ఉన్నది ఒక్కో స్పీకర్‌కు 50 వాట్లిచ్చే ఆంప్లిఫయర్, ఎనిమిది ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండు, ఒక టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్. నేను వీణ పాఠాలు చెబుతాను. ఈమని శంకరశాస్త్రి గారివి, చిట్టిబాబు గారివి పాత ఎల్పీలు నా దగ్గర ఉన్నాయి. పిల్లలకు అవి వినిపించడం నా పాఠంలో భాగం. కొంతకాలంగా మృదంగం ఎడమ చేతి దెబ్బ డొల్లగా వినిపిస్తోంది. గాత్రం రికార్డులైతే చివరి పాటకొచ్చేసరికి ‘స’, ‘శ’ అక్షరాలు చీరుకుపోతున్నాయి. ‘పాత స్టీరియోకి అందుబాటు ధరలో అప్‌గ్రేడ్, నిపుణుడి సలహా ఉచితం’ అన్న మీ ప్రకటన చూసి ఫోన్ చేశాను. పాతిక వేలకు మించి పెట్టలేనని, ఆ డబ్బులో ముందు ఏది మారిస్తే తేడా తెలుస్తుందో చెప్పమని స్పష్టంగా అడిగాను.

మీరు పంపిన కుర్రాడు మర్యాదస్థుడే. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు, మాట్లాడినంతసేపూ ‘అమ్మా’ అనే పిలిచాడు. కానీ స్పీకర్ల ముందు గుడ్డ తీసి చూడలేదు, టర్న్‌టేబుల్ మూత ఎత్తలేదు. ఆంప్లిఫయర్ వెనక్కి వంగి చూసి, ‘ఈ కరెంటు తీగలు వాడుతున్నారా అమ్మా, సౌండంతా ఇక్కడే చచ్చిపోతోంది’ అన్నాడు. బిల్లు మీ దగ్గర ఉంటుంది, అయినా రాస్తున్నాను: స్పీకర్ కేబుల్ 12,800, పవర్ కార్డ్ 6,200, ఆప్టికల్ కేబుల్ 2,900, బ్లూటూత్ రిసీవర్ 1,900, బిగింపు చార్జీ 700. మొత్తం 24,500 రూపాయలు. నేను పాతిక వేలన్నాను కాబట్టి నా స్టీరియో జబ్బంతా దానికి ఐదు వందలు తక్కువలో చక్కగా ఇమిడిపోయింది.

బిగించాక పోల్చి వినిపించాడు. అంతకుముందు పాత తీగతో విన్న పాటే మళ్లీ పెట్టాడు. నిజమే, నిండుగా వినిపించింది. అయితే వాల్యూమ్ నాబ్ మీది తెల్ల గీత మొదటిసారి తొమ్మిది గంటల దగ్గర ఉంటే, రెండోసారి పదకొండు దాటింది. అదేమిటి బాబూ అంటే ‘చెయ్యి తగిలుంటుందమ్మా’ అని తగ్గించాడు. దాంతోపాటు ఆ నిండుదనమూ తగ్గింది. ఒకే పాటను రెండుసార్లు వినిపిస్తే, కాస్త పెద్దగా వినిపించినదే మెరుగ్గా అనిపిస్తుంది. ఆడియో సామాను అమ్మే ప్రతి వాడికీ ఈ సంగతి తెలుసు. వాల్యూమ్ సమానం చేయకుండా చేసే డెమో డెమోనే కాదు.

తేడా లేదు కదా అంటే అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ‘కొత్త తీగ 200 గంటలు ఆడాలమ్మా, అప్పుడే కుదురుకుంటుంది. నచ్చకపోతే కంపెనీ వెనక్కి తీసుకుంటుంది’ అన్నాడు. ఆ మాట మీదే డబ్బు కట్టాను. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో రిటర్న్ గడువు 7 రోజులని ఉంది. ఏడు రోజులంటే 168 గంటలు. రాత్రీ పగలూ కట్టేయకుండా ఆడించినా 200 గంటలు నిండేసరికి మీ గడువు దాటి 32 గంటలవుతుంది. రోజుకు రెండు గంటలు వినే ఇంట్లో అయితే మూడు నెలల పైమాటే. ఈ రెండు అంకెలనూ మీ కంపెనీలో ఎవరూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదంటే నేను నమ్మను. అయినా సాధకం కావలసింది మా శిష్యులకు గానీ రాగి తీగకు కాదు.

మీవాడు తీసిపారేసిన ‘కరెంటు తీగ’ సంగతి కూడా చెబుతాను. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. మీటరుకు నిరోధం సుమారు 0.007 ఓమ్. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు మూడు మీటర్లు, రానూపోనూ ఆరు మీటర్లు, అంటే 0.04 ఓమ్ చిల్లర. అవతల ఉన్నది ఎనిమిది ఓమ్‌ల స్పీకర్. శబ్దాన్ని కొలిచేది డెసిబెల్స్‌లో. ఈ తీగ వల్ల తగ్గే శబ్దం ఒక డెసిబెల్‌లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. సన్న తీగను ఇరవై మీటర్లు లాగి ఉంటే మార్చమనడంలో అర్థముంది. మా హాలు అంత పెద్దది కాదు.

పవర్ కార్డ్ సంగతి ఇంకా విచిత్రం. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మా గోడలోని ప్లగ్గు దాకా మామూలు తీగల్లో వచ్చిన కరెంటు చివరి మీటరున్నరలో శుద్ధి అవుతుందట! ఆ పని చేయడానికి ఆంప్లిఫయర్ లోపల దాని ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు ఉన్నాయి. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేవి వెలుగు రూపంలోని అంకెలు. అవి అందకపోతే పాట తెగిపోతుంది, అందితే ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ‘బాస్ పెంచే’ ఆప్టికల్ కేబుల్ అంటూ ఉండదు, మీ బ్రోషర్లో మాత్రం ఉంది.

ఇక బిగింపు. తీగ మారిన దగ్గర్నుంచి ఉన్న కాస్త మృదంగమూ పోయింది. గాయకుడు మధ్యలో కూర్చుని పాడుతున్నట్టు ఉండాల్సిన గొంతు ఎటూ కాకుండా గాల్లో తేలిపోతోంది. అది చూసే మీవాడు ‘సౌండ్ హాలంతా పరుచుకుంది’ అన్నాడు. మా వీధిలో రేడియోలు రిపేరు చేసే ఆయన వచ్చి, ఆంప్లిఫయర్ దగ్గర తీగలు ఊడదీసి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ చూసుకుంటూ గోడ గడియారంలోని బ్యాటరీని కొసలకు ఆనించాడు. ఎడమ స్పీకర్ కోన్, అంటే అదురుతూ శబ్దం చేసే గరాటు లాంటి భాగం, టక్కున ముందుకొచ్చింది. కుడిది లోపలికి పోయింది. అంటే ఒక పక్క ప్లస్, మైనస్ తారుమారు. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగుతోంది, మంద్ర స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. 700 రూపాయలు తీసుకుని మీరు చేసిన పని ఇది.

గుడ్డ తీసి కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ రింగును ఆయన వేలితో తాకితే నల్లటి పొడి టీపాయ్ మీద రాలింది. మా కోస్తా ఉక్కలో ఏళ్లు గడిస్తే ఫోమ్ అలా చివికిపోవడం మామూలేనట. రెండు రింగులూ కొత్తవి అతికించాడు. టర్న్‌టేబుల్‌లో నీడిల్‌ను పట్టుకుని ఉండే కార్ట్‌రిడ్జ్ ఆడియో-టెక్నికా కంపెనీ వీఎం95ఈ. దాని నీడిల్ ఒక్కటే ఊడదీసి కొత్తది తొడగవచ్చు. ఇంకా మెరుగైనది కావాలంటే అదే వరుసలోని మైక్రోలీనియర్ నీడిల్ కూడా అదే బాడీకి పడుతుంది. నీడిల్ రికార్డు మీద 2 గ్రాముల బరువుతో ఆనాలి. చిన్న కాటా పెట్టి చూస్తే మాది బాగా తక్కువగా ఉంది. అలా ఉంటే నీడిల్ గాడిలో నిలబడదు, ఆ ‘స’, ‘శ’ల గోల అందుకే. నీడిల్ మార్చి బరువు సరిచేశాం. స్పీకర్లను మూల షోకేసు మీంచి దించి స్టూళ్ల మీద గోడకు అడుగు ముందుకు పెట్టాం, టైల్స్ మీద జంపఖానా పరిచాం. నీడిల్, ఫోమ్, కూలి అన్నీ కలిపి మీ స్పీకర్ కేబుల్ ధరలో సగం కూడా కాలేదు. ఇదంతా ఇప్పుడు నా పాత ‘కరెంటు తీగ’ మీదే వినిపిస్తోంది. మీ కేబుల్ డబ్బాలో పెట్టి ఉంచాను. అందుబాటు ధరలో అప్‌గ్రేడ్ అంటే నేను అనుకున్నది ఇదే. మీ ఉచిత సలహాలో ఇందులో ఒక్కటీ లేదు.

ఫిర్యాదు చేస్తే మీ సర్వీస్ ఆవిడ ‘ఆ తేడా పట్టాలంటే చెవికి శిక్షణ ఉండాలి మేడమ్’ అన్నారు. రోజూ ఉదయం తీగ పిసరంత జారినా పట్టుకుని శ్రుతి చేసుకునే మనిషితో ఆ మాట అన్నారు. పోనీలెండి, ఆవిడకు తెలియదు. ఆ వెంటనే మరో ఎనిమిది వేలు కడితే 100 వాట్ల ఆంప్లిఫయర్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తామని, సౌండ్ రెట్టింపవుతుందని చెప్పారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. నాకు ఉన్న 50 వాట్లలో నాలుగో వంతు కూడా వాడే అవసరం రాలేదు.

సౌండ్ వ్యక్తిగత అభిరుచే అయితే మీ బ్రోషర్లో ‘బాస్ 40 శాతం పెరుగుతుంది’ అని ఎలా అచ్చు వేశారు? 40 శాతం అభిరుచి కాదు, కొలత. ఆ కొలత ఎవరు, ఏ యంత్రంతో తీశారో నాకు రాతపూర్వకంగా కావాలి.

నేను కోరేది ఇది. స్పీకర్ కేబుల్, పవర్ కార్డ్, ఆప్టికల్ కేబుల్ వెనక్కి తీసుకుని, బిగింపు చార్జీతో కలిపి 22,600 రూపాయలు తిరిగి ఇవ్వండి. బ్లూటూత్ రిసీవర్ బాగానే పనిచేస్తోంది, అది ఉంచుకుంటాను. 200 గంటలని చెప్పి అమ్మే ఏ సామానుకైనా రిటర్న్ గడువు ఆ గంటలు నిండేదాకా ఉండేలా మార్చండి. వచ్చిన కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతని జీతం కోయకండి. ముందు నీడిల్ చూడమని, స్పీకర్ గుడ్డ తీయమని అతనికి నేర్పండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, సేవా లోపం కారణాలుగా చూపి జిల్లా కమిషన్‌కు వెళ్తాను. కొనుగోలుదారు ఉండే ఊళ్లోనే కేసు వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. ఈపాటి మొత్తానికి ఫీజు కూడా లేదు.

ఇట్లు,
మీ వినియోగదారురాలు

జత చేసినవి: బిల్లు నకలు, బ్రోషర్ పేజీ, తారుమారుగా బిగించిన కనెక్షన్ల ఫొటోలు, రిపేరు రసీదు