బొమ్మతో పాటు సామెత కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి శిబిరాల్లో 'ఆఫ్రికా గుర్తులు' అంటూ పిల్లలకు రంగులు నింపడానికి ఇస్తున్న కాగితాల్లో ఒక్కో బొమ్మ కింద ఒక్క మాటే ఉంటోంది: ధైర్యం, ప్రేమ, జ్ఞానం. ఇవి ఆఫ్రికా అంతటివీ కావు, ఒక్క మాటలో ఇమిడేవీ కావు. ప్రధానంగా ఘనాలోని ఆకాన్ ప్రజల ఆడింక్రా గుర్తులివి. చాలావాటి వెనక ఒక సామెత ఉంటుంది.

కోడికాలు గుర్తునే చూడండి. 'తల్లికోడి పిల్లను తొక్కుతుంది గాని చంపదు' అన్నది దాని సామెత. కాగితం మీద 'తల్లి ప్రేమ' అని రాసేస్తే అందులోని మందలింపు ఎగిరిపోతుంది. సామెతలో అసలు రుచి అదే కదా!

ఆటగా నేర్పాలంటే ఆరు గుర్తులు చాలు. పోస్టుకార్డులో సగం సైజు అట్టముక్కలు 12 తీసుకుని, ఆరింటి మీద బొమ్మ, ఆరింటి మీద సామెత వేయాలి. పల్చటి కాగితమైతే గీత వెనక్కి కనబడి ఆట చెడుతుంది. అన్నీ బోర్లించి, రెండేసి తిప్పించాలి. జత కుదిరినంత మాత్రాన కార్డులు ఇవ్వొద్దు. ఆ సామెత ఎవరితో, ఎప్పుడు అంటారో ఒక సందర్భం చెప్పాకే ఇవ్వాలి. 'మరిచినదాని కోసం వెనక్కి వెళ్లడం తప్పు కాదు' అనే సాంకోఫాకు గుండె ఆకారం కూడా ఉంది. ఓర్పును చెప్పే అకోమా కూడా గుండె ఆకారమే. రెండూ కలిపితే చిన్నవాళ్లు తికమకపడతారు. సాంకోఫాకు వెనక్కి తిరిగి చూసే పక్షినే వేయండి.

తర్వాత, ఈ గుర్తులను బట్ట మీద వేసే అచ్చులు. ఘనాలోని కుమాసీ నగరం దగ్గరి ఎన్‌టొన్సోలో ఎండిన బుర్రకాయ పెంకు మీద అచ్చు చెక్కుతారు. రంగు కోసం బాడియే చెట్టు బెరడును నానబెట్టి, దంచి, గంటల తరబడి మరిగిస్తారు. ముందు దువ్వెనలాంటి పనిముట్టుతో బట్ట మీద గీతలు లాగి గళ్లు కట్టి, ఆ గళ్లలో అచ్చులు వేస్తారు. పెడన అద్దకం చూసిన పిల్లలకు ఈ పని వెంటనే ఎక్కుతుంది.

మనకు బంగాళాదుంప చాలు. కోసిన ముఖాన్ని గుడ్డతో అద్ది పది నిమిషాలు ఆరనివ్వాలి, లేకపోతే దుంపలోని నీటికి రంగు పలచబడి అంచులు పాకుతాయి. గీతను ఉంచి చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల లోతున తీసేయాలి. పిల్లలు ఎక్కువగా గీతనే తవ్వేస్తారు, అందుకే ముందు గీతకు రంగు పూయించండి. 'దేవుడు తప్ప' అనే అర్థమున్న గ్యే న్యామే గుర్తు అచ్చు వేస్తే అద్దంలోలా కుడి ఎడమలు తారుమారవుతాయి. దాన్ని బటర్ పేపర్ మీద గీసి, కాగితం తిరగేసి దుంప మీదికి ఎక్కించాలి. అచ్చు వేసేటప్పుడు కింద నాలుగు మడతల తువ్వాలు లేకపోతే మధ్యభాగం పడదు.

ఇంకొక్క మాట. ఆడింక్రా అంటే వీడ్కోలు. ఎరుపు, నలుపు బట్టల మీది అచ్చులు అక్కడ చావు ఇంటికి కట్టేవి, తెల్లబట్ట మీదివి వేడుకలకు. పిల్లల ప్రదర్శనకు తెల్లబట్టే తీసుకోండి.

ఇట్లు,
చేతిపనులు నేర్పే ఉపాధ్యాయులు