అమ్మానాన్నలకూ డ్రైవింగ్ లైసెన్స్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఎన్నారై వార్తలు రోజూ చదువుతాను. హెచ్-1బి, స్టూడెంట్ వీసాలు, గ్రీన్‌కార్డు క్యూలు, లేఆఫ్‌లు, అన్నీ పిల్లలకు పనికొచ్చేవే, రాయాల్సిందే. కానీ రిటైరయ్యాక అమెరికాకు వచ్చి ఉండిపోయిన మాలాంటి వాళ్ళ గురించి రాసేది చాలా తక్కువ. పిల్లలు ఇక్కడి సిటిజన్లయితే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు ఏటా ఇన్నే అనే కోటా ఉండదు కాబట్టి మిగతా వాళ్ళతో పోలిస్తే తొందరగానే వచ్చేస్తుంది. ఇల్లు తాళం వేసి, మొక్కలు పక్కింటి వాళ్ళకు అప్పగించి వచ్చేస్తాం. వచ్చాక ఏం చేయాలో ఎవరూ చెప్పరు. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది డ్రైవింగ్ లైసెన్స్ అని నా అభిప్రాయం, అందుకే ఈ ఉత్తరం.

నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ముందు స్కూటీ, తర్వాత ఆల్టో. కూరగాయలకైనా ఆస్పత్రికైనా ఒకరిని అడిగింది లేదు. ఇప్పుడు టెక్సస్‌లో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. డల్లాస్ చుట్టుపక్కల డార్ట్ అని బస్సులూ రైళ్ళూ ఉన్నాయి గానీ ఫ్రిస్కో అందులో చేరలేదు. ఆటో కేకేస్తే ఆగే ఊరు కాదు ఇది. ఎండాకాలంలో మన రెంటచింతలను గుర్తు చేసే ఎండ, సరుకుల కొట్టుకు నడిచి వెళ్ళడం అయ్యే పని కాదు. లైసెన్స్ లేకపోతే కరివేపాకు కోసమైనా శనివారం దాకా ఆగాలి. బీపీ మాత్రలు అయిపోతే అల్లుడు మీటింగులోంచి బయటికొచ్చేదాకా తలుపు దగ్గర తచ్చాడాలి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఈ ఊళ్ళోనే ఉన్నా, ఎవరైనా తీసుకెళితేనే దర్శనం.

ఊళ్ళో పదిమందికి పని చెప్పి బతికినవాళ్ళు ఇక్కడికొచ్చి మంచినీళ్ళు తాగినంత తేలికగా బయటికి వెళ్ళలేకపోతే మనిషి లోపల్లోపల కుంగిపోతాడు. సాయంత్రం వాకింగ్‌లో కలిసే పెద్దవాళ్ళలో ఇది చూస్తూనే ఉన్నాను. "ఇంకో రెండు నెలలు, వెళ్ళిపోతామండీ" అనే మాట వెనక పిల్లల మీద కోపమేమీ లేదు, కాళ్ళు కట్టేసినట్టుండటమే ఉంది.

పిల్లలేమో "ఎందుకమ్మా టెన్షన్, ఉబర్ ఉంది కదా" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ అర కిలో వంకాయలకు ఉబర్ పిలవడానికి మనకు మనసొప్పదు, డబ్బులు కూతురి కార్డులోంచి పోతుంటే అసలే ఒప్పదు. ఈ వయసులో నేర్చుకుని ఏం చేస్తారు అనేవాళ్ళకు నాదొకటే జవాబు. టెక్సస్ ప్రభుత్వమే వయసు దాటిందని లైసెన్స్ ఆపదు. 79 నిండితే రెన్యువల్‌కు స్వయంగా ఆఫీసుకు రమ్మంటుంది, 85 నిండితే ఎనిమిదేళ్ళకు బదులు రెండేళ్ళకే ఇస్తుంది, అంతే. అరవైల్లో ఉన్నవాళ్ళకు ఇల్లే గతి అనడం ఏం న్యాయం?

ఇక అసలు విషయానికొస్తాను. ఇది ఒక్క టెక్సస్ సంగతే, రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. ఇక్కడ స్థిరనివాసం మొదలైన 90 రోజుల్లోపు టెక్సస్ లైసెన్స్ తీసుకోవాలి. మన ఇండియా లైసెన్స్ చూపించి మార్చుకునే వీల్లేదు, ఎన్నేళ్ళు నడిపినా రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాల్సిందే. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు కొందరున్నారు. అది మన ఆర్టీఓ ఏడాదికి ఇచ్చేది, మన లైసెన్స్‌కు తోడుగా చూపించే కాగితం మాత్రమే, ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళకు లైసెన్స్‌కు బదులు కాదు.

లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ, అంటే డీపీఎస్ ఆఫీసు. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, తేదీ దొరకడమే కష్టం, కాబట్టి దిగిన వారంలోనే బుక్ చేయించండి. గ్రీన్‌కార్డు, పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ నంబరు సరే, చిక్కంతా అడ్రస్ రుజువుల దగ్గర. రెండు అడుగుతారు. కరెంటు బిల్లు, ఇంటి కాగితాలు అన్నీ పిల్లల పేరు మీదుంటాయి. అందుకే రాగానే మన పేరున బ్యాంకు ఖాతా తెరిచి స్టేట్‌మెంట్ ఇంటికి తెప్పించుకోవడం మంచిది. లేదంటే మనం వాళ్ళింట్లోనే ఉంటున్నామని పిల్లలు రెసిడెన్సీ అఫిడవిట్ ఇవ్వాలి. ఫీజు 33 డాలర్లు.

ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఓటరుగా నమోదవుతారా అని ఉంటుంది. గ్రీన్‌కార్డు వాళ్ళం సిటిజన్లం కాదు, దానికి 'నో' అనే పెట్టాలి. అవయవదానం ప్రశ్న కూడా ఉంటుంది, అది మన ఇష్టం. పెద్దవాళ్ళు కొందరు అన్నిటికీ 'ఎస్' అనేసి సంతకం పెడతారు, పక్కనున్న పిల్లలు తొందరలో చూడరు. సిటిజన్ కాకుండా సిటిజన్నని చెప్పుకుంటే గ్రీన్‌కార్డుకే ఎసరు వస్తుంది. దయచేసి ఈ ఒక్క విషయం పెద్ద అక్షరాల్లో వేయండి.

రాత పరీక్షలో 30 ప్రశ్నలు, 21 సరిగ్గా రాస్తే పాస్. హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మనకు డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసిన అలవాటుంది కాబట్టి ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకు ఇది పెద్ద కష్టం కాదు. ఇంగ్లిష్ రానివాళ్ళకే అన్యాయం జరుగుతోంది, పరీక్ష తెలుగులో లేదు. పల్లెల్లో ట్రాక్టర్ తోలినవాళ్ళు, జీపు నడిపినవాళ్ళు ఇక్కడ ప్రశ్న అర్థంకాక ఆగిపోతున్నారు. తానా, ఆటా, ఇక్కడి టాంటెక్స్ లాంటి తెలుగు సంఘాలు ఈ హ్యాండ్‌బుక్ సారాంశాన్ని, బోర్డుల బొమ్మలతో సహా, తెలుగులో చిన్న పుస్తకంగా వేసి పంచితే ఎంతమంది దీవిస్తారో! కనీసం బోర్డు మీదున్న ఇంగ్లిష్ మాటను గుర్తుపట్టేంత వరకైనా నేర్పొచ్చు.

రాత పరీక్ష పాసైతే లెర్నర్ లైసెన్స్ ఇస్తారు, పక్క సీట్లో లైసెన్స్ ఉన్న, 21 ఏళ్ళు నిండిన మనిషి కూర్చుంటే నడపొచ్చు. ఇక్కడో మాట. సొంత పిల్లల దగ్గర నేర్చుకోకండి. మా అమ్మాయి బంగారం లాంటి పిల్ల, కానీ కారెక్కి పక్కన కూర్చుంటే "అమ్మా బ్రేక్, అమ్మా బ్రేక్" తప్ప ఇంకో మాట రాదు, ఆ అరుపుకు వచ్చిన డ్రైవింగ్ కూడా మర్చిపోతాం. డబ్బు పెట్టి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కొన్ని గంటలు నేర్చుకుంటే అన్ని విధాలా మేలు.

రోడ్డుకు కుడివైపు నడపడం అనుకున్నంత కష్టం కాదు, నలుగురి వెనకాల వెళితే అదే అలవాటవుతుంది. ఇండికేటర్ ఎడమ చేతికి వస్తుంది కాబట్టి మొదట్లో అందరూ ఇండికేటర్ అనుకుని వైపర్లు వేస్తారు, అదీ పోతుంది. నిజంగా కొత్తగా నేర్చుకోవాల్సింది నాలుగు దిక్కులా స్టాప్ బోర్డులున్న కూడలి. అక్కడ సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు. వచ్చిన ప్రతి కారూ చక్రం పూర్తిగా ఆగేలా ఆగాలి, ఎవరు ముందొచ్చి ఆగారో వాళ్ళు ముందు వెళ్ళాలి, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున్న వాళ్ళకు దారివ్వాలి. మనకు సందు దొరికితే దూరడం, లేకపోతే హారన్ కొట్టడం అలవాటు. ఇక్కడ మన వంతు వచ్చినా మర్యాదకు ఆగిపోతే అదీ ఇబ్బందే, వెనకవాళ్ళకు అయోమయం. రోజూ సాయంత్రం ఇంటి దగ్గరి కూడలిలో నిలబడి కాసేపు కార్లు వెళ్ళే వరస చూస్తే పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది. నేనలాగే నేర్చుకున్నాను.

ఇంకోటి స్కూలు బస్సు. ఎర్ర లైట్లు వెలుగుతూ ఆగి ఉంటే వెనకవాళ్ళే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి. దాటితే మొదటిసారికే జరిమానా 500 డాలర్ల నుంచి 1250 దాకా. పోలీసు వెనక లైట్లు వేసి ఆపితే మనలా దిగి కాగితాలు పట్టుకుని ఎదురెళ్ళకూడదు, సీట్లోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి ఉండాలి. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం, ప్రతి పెద్దాయనకూ చెప్పాలి.

రోడ్డు పరీక్షకు ముందు ఇంపాక్ట్ టెక్సస్ అని గంట సేపు ఉచిత వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఫోన్ చూస్తూ నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ కథలు అందులో ఉంటాయి, అది పిల్లలూ పక్కన కూర్చుని చూడాల్సినదే. పరీక్షకు మన కారే తీసుకెళ్ళాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. పారలల్ పార్కింగ్, అంటే రోడ్డు అంచున ముందూ వెనకా కార్ల మధ్య సందులో కారు పెట్టడం, చేయిస్తారు. లేన్ మారేటప్పుడు అద్దం చూస్తే చాలదు, మెడ తిప్పి భుజం మీదుగా చూడాలి, ఎగ్జామినర్ గమనించేది అదే. మెడనొప్పి వాళ్ళు ఇది ముందే సాధన చేయాలి. దరఖాస్తు చెల్లే 90 రోజుల్లో మూడు అవకాశాలిస్తారు, కాబట్టి ఒకసారి పోయిందని సిగ్గుపడక్కర్లేదు. కొన్ని ప్రైవేటు డ్రైవింగ్ స్కూళ్ళకూ ఈ పరీక్ష పెట్టే అనుమతి ఉంది, ఫీజు ఎక్కువైనా తేదీ తొందరగా దొరికే అవకాశం ఉంది.

ఇన్సూరెన్స్‌లో మన పేరు చేర్పించకుండా తాళం చేతికి తీసుకోవద్దు. టెక్సస్ చట్టం అడిగే కనీస కవరేజీ ఒక మనిషి గాయానికి 30 వేలు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. ఇక్కడి ఆస్పత్రి ఖర్చుల ముందు అది ఏ మూలకు? ఎక్కువే తీసుకోవాలి, ప్రీమియం పెరుగుతుంది, పిల్లలు దానికి సిద్ధపడాలి.

ఇండియా నుంచి బయల్దేరేవాళ్ళకు ఒక మనవి. 55 దాటాక మన లైసెన్స్ అయిదేళ్ళకే ఇస్తారు. గడువు ముందు ఏడాదిలో ఎప్పుడైనా రెన్యువల్ చేయించుకోవచ్చు, డాక్టర్ దగ్గర ఫారం 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్ళీ టెస్టు. ఇక్కడ ఉండగా అది మురిగిపోతే రేపు మన ఊరెళ్ళినా స్కూటర్ తీయలేం. కాబట్టి టికెట్లతోపాటు ఆ తేదీ కూడా చూసుకోండి. కంటి శుక్లాలు ఉంటే అక్కడే ఆపరేషన్ చేయించుకుని రండి. ఇక్కడ కళ్ళజోడుతో అయినా సరే 20/40 చూపు, అంటే మామూలు చూపువాళ్ళు 40 అడుగుల నుంచి చదివేది మనం 20 అడుగుల నుంచి చదవగలిగితే, ఇబ్బంది లేదు.

చూపు మందగించినవాళ్ళు, మగతనిచ్చే మందులు వాడేవాళ్ళు, పట్టు తప్పిందని తమకే తెలిసినవాళ్ళు నడపకూడదు, అందులో మొహమాటం వద్దు. మావారికి కంటి సమస్య ఉంది, ఆయన నడపరు, నేనే తీసుకెళతాను. అలాగే లైసెన్స్ వచ్చింది కదా అని అమ్మమ్మను రోజూ స్కూలు పికప్‌కు జీతం లేని డ్రైవర్ని చేయడం కూడా సరికాదు. ముందు గుడికీ లైబ్రరీకీ వెళ్ళనివ్వండి.

మీ ఎన్నారై పేజీలో వారానికి ఒక రాష్ట్రం చొప్పున ఈ లైసెన్స్ వివరాలు, కావాల్సిన కాగితాలు, కంటి పరీక్ష, ఫీజులు సరిచూసి ప్రచురించమని కోరుతున్నాను. టెక్సస్‌తో మొదలుపెడితే నాకు తెలిసినంతవరకు రాసి పంపడానికి సిద్ధం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
ఫ్రిస్కో, టెక్సస్