నీ 25 ఓమ్‌ల హెడ్‌ఫోనుకు ఆ ఆంప్ వద్దు మామా

అనంతపురం,
శనివారం

రేయ్ మామా,

ఎట్లుండావు? జవాబు ఆలస్యమైంది, తిట్టుకోవద్దు. ఇంట్లో అందరూ బాగుండారు, ఎండలు నీకు తెలిసిందే, బుడ్డల ధర మాత్రం అడగొద్దు. సమాచారాలు అయిపోయినాయి.

హెడ్‌ఫోనుకని నువ్వు ఫోటో పంపిన ఓటీఎల్ ఆంప్ (యాంప్లిఫయరు)కు డబ్బు కట్టేసినావా? కట్టకుంటే ఆగు. 6080 ట్యూబు (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వు లాంటిది) ఎర్రగా వెలుగుతాంటే చూసేకి బాగుంటుంది, కాదనను. కానీ ఓటీఎల్ అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేనిది. ట్యూబు కాథోడ్ నుంచి ఒక కెపాసిటర్ దాటి నేరుగా హెడ్‌ఫోనుకే. 300 ఓమ్‌ల సెన్‌హైజర్‌కు అది సరిజోడు. నీదేమో హైఫైమాన్ హెచ్ఈ400ఎస్ఈ: 25 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 91 డెసిబెల్.

లెక్క నువ్వే చూడు. ఉరుముల మోత 110 డెసిబెల్ దాకా లేవాలంటే సుమారు 80 మిల్లీవాట్లు కావాల. వోల్టేజీ చూస్తే 1.4 వోల్టులే. కరెంటు మాత్రం 56 మిల్లీ ఆంపియర్లు, తరంగం శిఖరం దగ్గర 80! అదే 1.4 వోల్టులకు 300 ఓమ్‌ల హెడ్‌ఫోను 5 కూడా తాగదు. 6080 అంటే ఒకే గాజులో రెండు ట్యూబులు, ఒక్కో చానెల్‌కు దాంట్లో ఒక సగమే కదా, దాంట్లో నిలకడగా పారేది 50 మిల్లీ ఆంపియర్లు అనుకో. సింగిల్ ఎండెడ్ క్లాస్ ఏ (పనంతా ఒకే ట్యూబుది, కరెంటు ఎప్పుడూ పారుతానే ఉంటుంది) కాబట్టి దానికి మించి అడిగితే తరంగం ఒక పక్క తెగిపోతుంది. వాల్యూమ్ తిప్పేకొద్దీ దెబ్బ పెరగదు, గరగరే పెరుగుతుంది.

ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు లోపలుండే అడ్డు, ఓమ్‌లలో) హెడ్‌ఫోనుదాంట్లో ఎనిమిదో వంతు లోపల ఉండాల అని అందరూ పాడే పాట ఉంది చూడు, నీ హైఫైమాన్‌ది ప్లేనార్ (పలచని పొర కదిలే రకం), దానికి అది రెండో సంగతే. దాని ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా దాదాపు ఒకటే, టోన్ మారదు, బలమే పోతుంది. ఆ సూత్రం కావాల్సింది నీ ఇంకో హెడ్‌ఫోను, మన వంకాయకు! (ఇంకా దానికి ఆ పేరేనా, మార్చినావా?) వంకాయ 32 ఓమ్‌ల డైనమిక్, అంటే మామూలు కాయిలు రకం. బేస్ దగ్గర ఆ 32 కాస్తా 64కు లేస్తుందనుకో, 50 ఓమ్‌ల ఆంప్ మీద ఆ చోట 3 డెసిబెల్ ఉబ్బుతుంది. 2 ఓమ్‌ల ఆంప్ మీద పావు డెసిబెలే. ట్యూబు తీపి, ట్యూబు తీపి అని మురిసిపోయేదాంట్లో సగం ఈ ఉబ్బే మామా. ఇంకొకటి, సిరీస్‌లో 75 ఓమ్‌ల అడాప్టర్ పెట్టుకోమనేవాళ్ళు ఉంటారు, ఆ మాట వినొద్దు. అది ఆంప్ ఇంపెడెన్స్ పెంచినట్లే.

కాబట్టి హైబ్రిడ్ తీసుకో. ముందర 12ఏయూ7 గానీ 6డీజే8 గానీ ఒక చిన్న ట్యూబు వోల్టేజీ పెంచుతుంది, వెనక మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు కరెంటు ఇస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అసలు ట్యూబు ఆంప్ కూడా పనికొస్తుంది, 32 ఓమ్‌ల హెడ్‌ఫోనుకని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోంచి తీసిన కొస (ట్యాప్) ఉంటే. ధర, బరువు, రెండూ నీవల్ల కావు. వేడి కూడా చూసుకో: 6080 హీటరు ఒక్కటే 6.3 వోల్టుల మీద 2.5 ఆంపియర్లు, అంటే 16 వాట్లు. 12ఏయూ7ది 2 వాట్లు కూడా లేదు. కర్నూలు మే నెలలో, నీ మేడమీద గదిలో... నేను చెప్పల్నా?

హైబ్రిడ్‌లోనూ మోసాలుండాయి. అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే విలువ చదువు. 25 ఓమ్‌లకు 100 మైక్రోఫారడ్ అయితే 64 హెర్ట్జ్ దగ్గరే బేస్ జారిపోతుంది, 470 అయితే 14 దాకా నిలుస్తుంది. ఆ కెపాసిటర్ నిండేటప్పుడు ధబ్బుమంటుంది, ఆలస్యంగా కలిపే రిలే లేకుంటే ఆన్ చేసిన నిమిషం తర్వాతే హెడ్‌ఫోను గుచ్చు. కెపాసిటర్ లేని రకమైతే వేడెక్కినాక అవుట్‌పుట్‌లో డీసీ కొలువు, 20 మిల్లీవోల్టులు దాటితే వెనక్కి ఇచ్చెయ్. చవకగా దొరికే 6జే1 బోర్డు జోలికి అసలు పోవద్దు, అది ప్రీఆంప్, హెడ్‌ఫోను మొయ్యలేదు.

అమ్మేవాడి మాట కంటే కొలతను నమ్ము. ఫోన్లో 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఆంప్‌లో ఖాళీ ప్లగ్గు గుచ్చి, దాని మొనకూ మొదలుకూ మధ్య మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడు. అర వోల్టు వచ్చేలా వాల్యూమ్ పెట్టి వదిలెయ్. ఇప్పుడు అదే చోట 33 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి మళ్ళా చూడు. 0.47 వస్తే ఆంప్‌ది 2 ఓమ్‌లు. 0.20కి పడిపోతే 50 ఓమ్‌లు, అక్కడే పెట్టి వచ్చెయ్.

ట్యూబులు మార్చే సరదా నీకుంది కాబట్టి చెప్తాండా, 12ఏయూ7 సాకెట్లో 6డీజే8 పెట్టొద్దు. గుచ్చుకుంటుంది, కానీ హీటరు వైరింగు వేరు. 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులుంటే హీటరు కాలిపోతుంది. 4, 5 కలిపేసి 9కి 6.3 ఇచ్చిన రకమైతే వెలగనే వెలగదు. అసలు బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో వెతికితే పాత బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ట్యూబులు ఏమైనా...

తమ్ముడు కర్నూలు బస్సుకు బయల్దేరినాడు, అరుస్తాండాడు. 33 ఓమ్‌లవి రెండు కవర్లో వేసినా, పారెయ్యొద్దు. వాల్యూమ్ పాట్ సంగతి, గెయిన్ సంగతి ఫోన్లో

నీ మామ