డబ్బు వాపసు అడిగితే రాగాలు తీస్తున్న కంపెనీకి

పాలకొల్లు,
పశ్చిమ గోదావరి జిల్లా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఇంటర్నెట్‌లో మీరు నేర్పే గిటారు కిటుకుల కోర్సు, మీ మౌనవ్రతం.

అయ్యా లేదా అమ్మా,

మీరెవరో, అసలు ఉన్నారో లేదో తెలియక ఇలా సంబోధిస్తున్నాను. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు వెబ్‌సైటులో పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మీ వెబ్‌సైటులో మాత్రం గిటారు పట్టుకుని నవ్వుతున్న ఒక కుర్రవాడి బొమ్మ ఉంది. దాని మీద ఎక్కడ నొక్కినా ‘ఇప్పుడే చేరండి’ అన్న చోటికే తీసుకుపోతోంది.

కోర్సు గురించి ఎక్కువ రాయను. ఆరు తీగల పేర్లు గుర్తుండడానికి ఏనుగులు, గాడిదలు, వాటి పెద్ద చెవుల మీద ఒక ఇంగ్లీషు వాక్యం నేర్పారు; అందులో మాటల మొదటి అక్షరాలే తీగల పేర్లు. గిటారు పట్టిన ప్రతి పిల్లవాడికీ అది ఉచితంగా వచ్చేదే. ఫ్రెట్ల పక్కన, అంటే గిటారు మెడ మీది అడ్డ మెట్ల పక్కన, అంటించుకోమని రంగు స్టిక్కర్లు పంపారు. మా డెల్టా ఉక్కపోతకు అవి ఊడివచ్చి వేళ్లకు అంటుకున్నాయి. ఎర్రది ఇంకా నా కళ్లజోడు పెట్టె మీద ఉంది. చూపుడువేలితో ఆరు తీగలూ ఒక్కసారిగా అదిమిపట్టవలసిన ఎఫ్ కార్డు (కార్డు అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం) దగ్గరికి వచ్చేసరికి మీరు చెప్పిన మహా కిటుకు ‘ప్రస్తుతానికి దీన్ని వదిలేయండి’ అని!

గుర్తుపెట్టుకునే చిట్కాలంటే నాకు చిన్నచూపు లేదు. జీవితమంతా బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. కర్ణాటక సంగీతంలో మేళకర్తలనే డెబ్బైరెండు మూల రాగాల సంఖ్యలు గుర్తుండడానికి మన పెద్దలు అక్షరానికో అంకె ఇచ్చే కటపయాది సూత్రం పెట్టారు. రాగం పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తిరగేస్తే దాని సంఖ్య. ధీరశంకరాభరణంలో ధకు 9, రకు 2, తిరగేస్తే 29. మేచకల్యాణి అదే లెక్కన 65. దీనికి ఎవరూ రుసుము తీసుకోలేదు. సంఖ్య చెప్పగలిగినంత మాత్రాన కల్యాణి పాడలేరని కూడా వాళ్లకు తెలుసు కనుకనే పిల్లలను సరళీ స్వరాలనే తొలి పాఠాల దగ్గర కూర్చోబెట్టారు. పేర్లు గుర్తుండడం బుర్ర పని, కార్డు మార్చడం వేళ్ల పని. మొదటిదానికి చిట్కా ఉంది గాని దానికి డబ్బు దండగ. రెండోదానికి చిట్కా లేదు, పక్కన కూర్చుని వేలు సరిచేసే గురువు కావాలి. మాది, పాశ్చాత్య వాయిద్యమైన మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన మాండొలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరండీ. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన తొలి కచేరీ చేసేనాటికి వయసు ఇంచుమించు తొమ్మిదేళ్లే. పరాయి వాయిద్యాన్ని పట్టి లొంగదీయడానికి ఏం కావాలో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

వారానికోసారి వీడియోలో ఉపాధ్యాయుడు నా వేళ్లు చూసి సరిదిద్దుతాడని మీ ప్రకటనలో ఉంది. 4,999 రూపాయలు కట్టింది అందుకే. ఆయన ఒక్కసారీ రాలేదు. సరే, అదీ పోనివ్వండి. అడిగినప్పుడు మీరు నన్ను తిప్పిన తీరు ఉంది చూశారూ, ఈ ఉత్తరం దాని గురించి.

ముందు మీ చాట్ యంత్రం పలకరించింది. ‘మీ సంగీత ప్రయాణం ఎలా ఉంది?’ అని అడిగితే గురువు రాలేదని రాశాను. ‘చాలా సంతోషం! మీకు ఉకులేలే కోర్సు కూడా నచ్చవచ్చు’ అని, గిటారు లాంటి ఓ చిన్న వాయిద్యం కోర్సు చూపిస్తూ జవాబిచ్చింది. ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, ఇరవై నాలుగు గంటల్లో మా పై అధికారి మాట్లాడతారు సార్ అంది. ఆ పై అధికారి ఎంత పైన ఉన్నారో, నేటికీ కిందికి దిగలేదు. మళ్లీ చేస్తే ఇంకొకాయన హిందీలో మొదలుపెట్టి, తెలుగులో మాట్లాడమంటే లైను మార్చి, మార్చిన లైను కట్ చేశారు. మరొకాయన, మీకు దగ్గరి కేంద్రం హైదరాబాదు, ఒకసారి వచ్చి వెళ్లండి అన్నారు. ఇంట్లో కూర్చుని నేర్చుకునే కోర్సు కోసం నేను నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేయాలన్నమాట.

వీరందరినీ మించినవాడు ఒక కుర్రవాడు. లోపం గిటారులో ఉందో ఇంటర్నెట్‌లో ఉందో తేల్చాలి, ఒకసారి వాయించండి అన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి వాయించాను. ‘శబ్దం బాగానే వస్తోంది కదా సార్’ అని పెట్టేశాడు. ఆ వెంటనే సందేశం: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

పదిహేను రోజుల్లోపు అడిగితే డబ్బు వాపసు అన్నారు. గడువులోపే రాతపూర్వకంగా అడిగాను. ‘పరిశీలనలో ఉంది’ అంటూ గడువు దాటేదాకా నీళ్లు నమిలి, దాటిన మర్నాడు ‘గడువు ముగిసినందున చింతిస్తున్నాము’ అని పంపారు. చింత మీకెందుకండీ, గడువు దాటించింది మీరే కదా!

ఒక్క మేలు ఒప్పుకుంటాను. ఫోనులో నన్ను నిలబెట్టినప్పుడల్లా మీరు వినిపించే గిటారు ముక్క ఉందే, దానిలో కార్డులు జి, డి, ఇ మైనర్, సి. విని విని పట్టేశాను. మీ పుణ్యమా అని నేర్చుకున్నది అదొక్కటే, అదీ కోర్సులో లేదు.

మా మనవరాలికి కీబోర్డు కోర్సు కొన్నది మీ దగ్గరే. పొద్దున్నే కాలువగట్టు మీద నాతో నడిచే పింఛనుదారులను కూడా చేర్పించాను. అందుకు ఇస్తానన్న కూపను ఎగ్గొట్టారు, అది వేరే కథ. ఏరు దాటాక తెప్ప తగలేసే మీ పద్ధతి వాళ్లకు వివరంగా చెప్పాను. మిగతా ఊరికి చెప్పడానికి నాకు తీరిక బోలెడు.

డబ్బు పంపిస్తే తీసుకుంటాను. అసలు కావలసింది మాత్రం సొంత పేరున్న మనిషి ఒకరు, తెలుగులో, నేను చెప్పేది చివరిదాకా వినడం. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇది నా మాట కాదు, నిబంధన. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ రుసుము కూడా లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. అప్పుడు హైదరాబాదులో రైలెక్కవలసింది మీరు.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు.

తా.క.: ఉత్తరం కవరులో పెడుతుండగా ‘రెండో స్థాయి కోర్సు సగం ధరకే’ అని మీ సందేశం వచ్చింది. ఆ నంబరుకు చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. అది అమ్మకాల విభాగమట, ఫిర్యాదులు తీసుకోరట.