మంచం పక్కన ఉండే మనిషి కూలి ఎవరి లెక్కలో ఉంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను కర్నూలు జిల్లా ఆదోనిలో మందుల కొట్టు నడుపుతున్నాను. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఆ కుటుంబం మీద పడే భారం ఆసుపత్రి బిల్లుతో తీరేది కాదు. ఇంటికొచ్చాక అయ్యే ఖర్చు కొంత మా కౌంటర్ దగ్గర తెలుస్తుంది. ఇంకొంత ఎక్కడా తెలియదు, ఎందుకంటే దానికి రసీదు ఉండదు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ రసీదు లేని ఖర్చు గురించే.

ముందు నాకు కనిపించేది చెప్తాను. పెద్దవాళ్ల డైపర్లు పది కలిపి ఒక ప్యాకెట్టుగా వస్తాయి. మా దగ్గర చాలామంది ప్యాకెట్టు కొనరు. ‘రెండియ్యన్నా’ అంటారు. రాత్రికి ఒకటి, ఆసుపత్రికి తీసుకుపోయే రోజుకు ఒకటి. మిగతా పొద్దంతా పాత చీరలు చింపిన గుడ్డలే. సరిగ్గా వాడితే రోజుకు రెండైనా కావాలి, అంటే ఒక్కోటి నలభైకి కాస్త తక్కువ వేసుకున్నా నెలకు రెండు వేల పైమాటే. దానికి తోడు యూరిన్ బ్యాగులు, పైపు మార్చడానికి ఇంటికొచ్చే కాంపౌండరుకు ఇచ్చేది, వీపున పుండ్లు పడితే కట్టు సామాను, ఎప్పుడూ ఉండే బీపీ, షుగర్ మాత్రలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచి పనే. నాలుగు వందల ప్యాకెట్టు మీద పాతిక రూపాయలు మిగులుతుంది. రెండేసి కొనేవాళ్లకు ఐదు.

ఇక రసీదు లేనిది. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఏటా జనం మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు పోతారన్నది ఈ జిల్లాలో అందరికీ తెలిసిందే. సుగ్గి అనేది మొగుడూ పెళ్లాం కలిసి పోతేనే గిట్టుబాటు. మామకు పక్షవాతం వచ్చి కోడలు ఇంట్లో ఆగిపోతే, పోయేది ఆమె ఒక్కదాని కూలే కాదు, ఆ ఏడు అప్పు తీర్చే దారి కూడా. వలస పోని ఇంటి లెక్కే చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ రేటున నెలకు పాతిక రోజులు పని దొరికిందనుకుంటే 7,675 రూపాయలు. ఇంట్లో ఉండి ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తినిపించే మనిషి నెలనెలా పోగొట్టుకునేది అది. మనిషిని పెట్టుకుందామంటే జీతం అంతకు రెండింతలు పైన అడుగుతారు. అందుకే ఎవరూ పెట్టుకోరు, ఇంట్లో ఆడమనిషే పని మానుకుంటుంది. కేంద్రం 2024లో చేయించిన సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణ చేస్తున్నారని, ఒక్కొక్కరికి రోజుకు 140 నిమిషాలు దానికే పోతోందని తేలింది. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. ఇది పసిపిల్లలను చూసుకోవడం కూడా కలిపిన సగటు. మంచంలో మనిషి ఉన్న ఇంట్లో ఆ 140 నిమిషాలు పొద్దున పది గంటలకే అయిపోతాయి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేననను. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఆ 15,000 వచ్చే ఇళ్లలో తేడా నా కళ్లతో చూస్తున్నాను, వాళ్లు డైపర్లు ప్యాకెట్టుగానే కొంటారు. చిక్కంతా ఆ పింఛను దాకా చేరడంలో ఉంది. దానికి సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితం కావాలి. పక్షవాతం లాంటి నరాల జబ్బుల్లో వైకల్యాన్ని జబ్బు వచ్చిన ఆరు నెలల తర్వాతే లెక్కగడతారు. వైద్యపరంగా అది సబబే, కొందరు ఈలోగా కోలుకుంటారు. కానీ ఆ కోలుకునేదేదో ఎక్కువగా ఆ మొదటి నెలల్లోనే, అదీ ఫిజియోథెరపీ చేయిస్తేనే. అంటే ఖర్చు ఎక్కువ, కూలి సున్నా, పింఛను ఇంకా రాదు. చెవికమ్మలు కుదవకు పోయేది అప్పుడే. మా ఊరి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు. పడుకోబెట్టి తీసుకుపోవాలంటే బస్సు కుదరదు, కారు బాడుగ ఒక్కటే దారి.

కన్నవాళ్లను చూసుకోవడానికి కూడా డబ్బులు అడుగుతారా అని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. అలా అనేవాళ్ల ఇళ్లలో బట్టలు మార్చేది ఎవరో అడగాలనిపిస్తుంది, పోనివ్వండి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. చూడని కొడుకు మీద ట్రిబ్యునల్‌కు పోతే నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. పని మానుకుని చూసే కోడలికి ఏ చట్టం ఏమి ఇప్పిస్తోంది? ఆదాయపు పన్నులో వైకల్యం ఉన్నవారిని పోషించేవాళ్లకు 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 దాకా మినహాయింపు ఉంది. అదీ పాత విధానంలో ఉన్నవాళ్లకే. పన్ను కట్టేంత రాబడి లేని ఇంటికి దాంతో పనేముంది?

నిజానికి చట్టంలో చోటు ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వడాన్ని ప్రభుత్వాలు చేపట్టాల్సిన పథకాల్లో చేర్చింది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవారిని చూసుకునేవాళ్లకు నెలకు 600 ఇచ్చే పథకం ఉంది. చిన్న మొత్తమే, కానీ ఆ మనిషి పేరు ఒక జాబితాలో ఉంటుంది. మన రాష్ట్రంలోనూ 2019 డిసెంబరులో ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే ఆరోగ్య ఆసరా మొదలైంది. జబ్బు వల్ల కూలి పోతుందని ఒప్పుకున్న పథకం అది. ఒప్పుకున్నది రోగి కూలి మాత్రమే.

ఇంకో చిన్న మాట. పెద్దాయన పోయాక ఎయిర్ బెడ్, కమోడ్ కుర్చీ పట్టుకొచ్చి ‘వెనక్కి తీసుకోన్నా, సగమైనా ఇయ్యి’ అని అడిగేవాళ్లు ఉన్నారు. వాడిన సరుకు నేను తీసుకోలేను. ఏరియా ఆసుపత్రిలో ఒక గది ఇచ్చి అలాంటివి తీసుకుని శుభ్రం చేసి, అవసరమున్న ఇంటికి నాలుగు నెలలు వాడుకోవడానికి ఇస్తే ఖర్చేమీ కాదు.

నా అసలు విన్నపం ఆ మొదటి ఆరు నెలల గురించి. పక్షవాతమో, వెన్నుపూస దెబ్బో తగిలి ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆసుపత్రిలో చేరిన రోగి డిశ్చార్జి అయ్యేటప్పుడు, ఇతనికి ఇంట్లో మనిషి తోడు ఎప్పుడూ ఉండాలని డాక్టరు రాస్తే చాలు, చూసుకునే మనిషి ఖాతాలోకి ఉపాధి కూలి రేటున ఆరు నెలలు భత్యం వేయాలి. సదరం వచ్చాక పింఛను మొదలైతే ఆపేయవచ్చు. దొంగ లెక్కలు వస్తాయన్న భయం ఉంటే దానికీ దారి ఉంది. 2025 జనవరిలో 15,000 పింఛను తీసుకునేవాళ్లను తనిఖీ చేయడానికి డాక్టర్లను ఇళ్లకే పంపారు కదా. అదే డాక్టర్లను డిశ్చార్జి అయిన నెలలోపు ఈ ఇళ్లకూ పంపితే తనిఖీ అవుతుంది, ఆ వీపు మీద పుండ్లూ చూసినట్టవుతుంది.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
ఆదోని, కర్నూలు జిల్లా