సంఘం వార్షిక నివేదిక: వరద రోజుల్లో మన వెబ్‌సైట్ నిలబడేలా చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం సంఘం వెబ్‌సైట్ మీదే పెట్టాం. అందుకే నివేదికలో కూడా దానికే ఎక్కువ చోటిస్తున్నాను. మిగతావి ముందు రెండు మాటల్లో చెప్పేస్తాను. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక, గుర్రపుడెక్క తీయించమని అధికారులకు వినతిపత్రం ఇచ్చాం. పని కొంత జరిగింది, శివారు ఆయకట్టు వైపు మాత్రం మిగిలిపోయింది. దాన్ని వదిలిపెట్టం. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చినవాళ్లకు మజ్జిగ, మంచినీళ్లు అందించాం. జమాఖర్చుల కాగితం విడిగా పంచుతున్నాం.

ఇక వెబ్‌సైట్ సంగతి.

మామూలు రోజుల్లో మన సైట్ చూసేవాళ్లు కొద్దిమందే. అంబాజీపేటలో కొబ్బరికాయ ధర ఎంతుందో, కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారో చూసి వెళ్లిపోతారు. గోదావరి పొంగితే లెక్క మారిపోతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఈ అంకెలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు ఎవరూ మరచిపోలేదు. హెచ్చరిక రాగానే ఊళ్లో ఉన్నవాళ్లూ, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలూ అందరూ ఒకేసారి సైట్ తెరుస్తారు. క్రితం సీజన్‌లో సరిగ్గా అప్పుడే తెల్ల తెర కనిపించింది. చాకలిపాలెం కాజ్‌వే మునిగితే కనకాయలంక వాళ్లకు పడవే దిక్కు. గొడ్డూగోదా ఎప్పుడు కదిలించాలో తేల్చుకోవలసిన గంటలో పేజీ తెరుచుకోకపోతే ఎంత టెన్షనో వేరే చెప్పనక్కర్లేదు.

సైట్‌ని తమ కంప్యూటర్‌లో ఉంచి నడిపే హోస్టింగ్ వాళ్లను అడిగితే పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. చందాల డబ్బు అలా ఖర్చుపెట్టే ముందు అసలు కారణం తెలుసుకుందామని, కంప్యూటర్ పని తెలిసిన మన యువ సభ్యులను కూర్చోబెట్టాం. మన సైట్ వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. పేజీ ఎవరు తెరిచినా సర్వర్, అంటే సైట్ ఉండే కంప్యూటర్, ప్రోగ్రామ్ నడిపి, సమాచారం దాచి ఉంచిన డేటాబేస్‌ని అడిగి, పేజీని మొదటినుంచి తయారుచేస్తుంది. వందమంది ఒకే పేజీ అడిగితే వందసార్లు అదే పని. పెళ్లి భోజనాల్లో ఒక్కో విస్తరికీ ఒక్కో పొయ్యి వెలిగిస్తామా? ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, అడిగిన అందరికీ ఆ కాపీనే ఇవ్వడం పేజీ క్యాషింగ్. దానికి ప్లగిన్లు, అంటే సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉచితంగానే దొరుకుతాయి.

ప్లగిన్ పెట్టడం తేలిక. ఏ పేజీ కాపీ ఎంతసేపు చెల్లుతుందో తేల్చడమే కష్టం. ఆ నిర్ణయం సాంకేతిక నిపుణుడి ఒక్కడిదే కాకూడదని నా గట్టి అభిప్రాయం. ఏ సమాచారం ఎంత పాతబడినా ఫరవాలేదో దాన్ని వాడే రైతుకే బాగా తెలుసు. అందుకే కార్యవర్గం మొత్తం కూర్చుని పేజీ పేజీకీ గడువు రాసింది. సంఘం చరిత్ర, నియమావళి పేజీలకు ఒక రోజు. కొబ్బరి ధరల పేజీకి ఒక గంట, ధర మార్చగానే పాత కాపీ దానంతటదే చెరిగిపోతుంది.

వరద పేజీ దగ్గర చర్చ చాలాసేపు సాగింది. దాని కాపీ అసలు దాచకూడదని పెద్దవాళ్లు పట్టుబట్టారు. వాళ్ల భయం న్యాయమైనదే. పాత నీటిమట్టం చూసి ఎవరైనా ఇంట్లోనే ఉండిపోతే? కానీ దాచకపోతే పేజీ అందరికీ అందకుండా పోతుంది. చివరికి ఒక్క నిమిషం గడువు పెట్టాం. నిమిషంలో ఎంతమంది వచ్చినా సర్వర్ ఆ పేజీని ఒక్కసారే తయారుచేస్తుంది. నీటిమట్టం మాత్రం నిమిష నిమిషానికీ మారేది కాదు కాబట్టి చూసేవాళ్లకు నష్టం లేదు. కొత్త అంకె ఎక్కించగానే నిమిషం ఆగకుండా పాత కాపీ పోతుంది. గడువు తీరిన క్షణంలో అందరూ ఒక్కసారి సర్వర్ మీద పడకుండా, ఒక్కరి కోసం పేజీ తయారవుతుంటే మిగతావాళ్లు క్షణం ఆగే సెట్టింగ్ కూడా ఉంది, అదీ పెట్టాం. అన్నిటికన్నా ముఖ్యం, నీటిమట్టం పక్కనే అది ఏ తేదీన, ఏ వేళ తీసినదో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. పేజీ తయారైన వేళ కాదు, కొలత తీసిన వేళ. వేళ లేని అంకెను నమ్మవద్దని మీ ఇళ్లలో కూడా చెప్పండి.

సర్వర్‌లో కాపీ చెరిపినా మీ ఫోన్‌లో దాగిన కాపీని మనం ఇక్కడినుంచి చెరపలేం. అందుకని పేజీ చూపించే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడగమని ఫోన్ బ్రౌజర్‌కి చెప్పాం. ఏమీ మారకపోతే సర్వర్ 'మార్పు లేదు' అని చిన్న జవాబిస్తుంది, డేటా పెద్దగా ఖర్చు కాదు. లోగో, అక్షరాల ఫైళ్లు మాత్రం ఫోన్‌లో ఏడాదిపాటు ఉండొచ్చు. వాటిని మార్చినప్పుడు ఫైలు పేరు కూడా మారుతుంది కాబట్టి పాతది అడ్డురాదు.

ఫేస్‌బుక్‌లో పంచుకున్న లింకు చివర ఒక పొడుగాటి తోక చేరుతుంది. అది నొక్కినవాళ్లకల్లా వేరుగా ఉంటుంది కాబట్టి కాపీలు దాచే ప్లగిన్ ప్రతిదాన్నీ కొత్త పేజీ అనుకుంటుంది, దాచిన కాపీ ఉండి కూడా పనికిరాదు. ఆ తోకను పట్టించుకోవద్దని సెట్ చేశాం.

సభ్యుల చందా వివరాలు, చిరునామాలు, లాగిన్ అయ్యాక కనిపించే పేజీలు, వీటి కాపీలు మాత్రం సర్వర్‌లో దాచి పెట్టం. ఒకరి వివరాలు మరొకరికి కనిపిస్తే అది వేగానికి సంబంధించిన సమస్య కాదు, నమ్మకం పోవడం. అందుకే ఒక ఫోన్‌లో లాగిన్ అయ్యి, ఇంకో ఫోన్‌లో లాగిన్ కాకుండా అవే పేజీలు తెరిచి పరీక్షించాకే సైట్ మీకు వదిలాం. ప్లగిన్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలని తీర్మానం రాసుకున్నాం.

క్యాషింగ్ సర్వర్ బరువు తగ్గిస్తుంది గానీ ఫొటోల బరువు తగ్గించదు. ప్రభల ఫొటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించడం వల్ల లంకల్లో సిగ్నల్ తక్కువున్న చోట పేజీ కదిలేది కాదు. వాటి సైజు తగ్గించే పని సగం అయింది, మిగిలింది వచ్చే ఏడాదికి.

పెద్ద ప్లాన్ ఖర్చు ఈ ఏడాదికి తప్పింది. అయితే సెట్టింగులు ఎంత బాగున్నా అంకె ఎక్కించే మనిషి లేకపోతే పేజీ ఖాళీయే. ధవళేశ్వరం, దానితో పాటు భద్రాచలం నీటిమట్టం కూడా చూసి ఎక్కించాలి, పైనుంచి వచ్చే నీళ్లు మనకు అక్కడే ముందు తెలుస్తాయి. రాత్రిళ్లు కూడా వంతులవారీగా ఈ పని చేయడానికి మనుషులు కావాలి. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు జాబితా సిద్ధం కావాలి. చేయగలిగినవాళ్లు సర్వసభ్య సమావేశంలో పేర్లు ఇవ్వండి, పని నేర్పే బాధ్యత యువ సభ్యులు తీసుకున్నారు.

కార్యదర్శి