భౌతికశాస్త్ర విద్యార్థుల స్కాలర్‌షిప్పులు, బహుమతులు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

కర్నూలులోని మన క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రం మేజర్‌గా బీఎస్సీ చదువుతున్న పిల్లల కోసం మన పూర్వ విద్యార్థుల సంఘం ఈ ఏడాది చేసిన పనిని మీ ముందు పెడుతున్నాం. సంఘం ఇచ్చే బహుమతి సొమ్ము చిన్నది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు దానికి ఎన్నో రెట్లు పెద్దవి. అర్హత ఉన్న పిల్లలు కూడా కాగితాల దగ్గర తప్పు చేసి వాటిని పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈసారి దరఖాస్తుల పనికే ఎక్కువ సమయం పెట్టాం.

ఇన్‌స్పైర్, కేంద్ర స్కాలర్‌షిప్పు

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పు విలువ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 విద్యార్థి ఖాతాలో పడుతుంది, మిగతా 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టు కోసం. ఇంటర్‌లో తమ బోర్డు మొత్తమ్మీద మొదటి 1 శాతంలో ఉన్నవాళ్లు దీనికి అర్హులు. మన ఇంటర్ బోర్డులో మార్కులు ధారాళంగా పడతాయి కాబట్టి ఆ గీత చాలా ఎత్తున ఉంటుంది. 1000కి 900 పైన వచ్చాయని ధీమాగా ఉండడానికి లేదు.

ఇంటర్ పాసైన ఏడాదే డిగ్రీలో చేరి ఉండాలన్నది చాలామందికి తెలియని నిబంధన. ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుని, సీటు రాక బీఎస్సీకి వచ్చిన పిల్లలకు ఎన్ని మార్కులున్నా ఇది దక్కదు. ఈ సంగతి ఆ కోచింగ్‌కు పంపే ముందే తల్లిదండ్రులకు చెప్పాలి. ఇక దరఖాస్తులో ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న ఎండార్స్‌మెంట్ ఫారం పెట్టాల్సిన చోట బోనఫైడ్ సర్టిఫికెట్ పెడితే తిరిగొస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోవాలి. ఎంపికైన వాళ్లు ప్రతి ఏటా మార్కుల మెమో, కాలేజీ ధ్రువీకరించిన ప్రగతి నివేదిక పంపాలి. సెమిస్టర్ ఫలితాలు ఆలస్యమైతే ఇదీ ఆలస్యమై సొమ్ము ఆగుతుంది. ఫలితాలు వచ్చిన వారంలోనే ఆ పని ముగించేలా డిపార్ట్‌మెంట్‌లో ఒక రిజిస్టరు తెరిపించాం.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉండే కేంద్ర స్కాలర్‌షిప్పు ఎక్కువమందికి అందేది. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటర్‌లో తమ గ్రూపులో 80 పర్సంటైల్ దాటాలి (అంటే పాసైనవాళ్లలో మొదటి 20 శాతంలో ఉండాలి), కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు మించకూడదు. రెన్యువల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లకు ఇది వర్తించదు. కాబట్టి రెండిటికీ పెట్టేసి చూద్దామనుకోవడం ప్రమాదం. ఏది తీసుకుంటే ఎంత చేతికి వస్తుందో ముందే లెక్క వేసుకుని ఒక్కదానికే వెళ్లాలి. ఈ లెక్క పిల్లలతో పక్కన కూర్చుని వేయించాం.

డబ్బు మంజూరైందని పోర్టల్‌లో కనిపిస్తుంది, పాస్‌బుక్‌లో పడదు. దీనికి ప్రధాన కారణం ఆధార్ అనుసంధానం. దరఖాస్తులో ఏ ఖాతా నంబరు రాసినా, ఆధార్ ఆధారంగా వచ్చే సొమ్ము ఎన్‌పీసీఐ (దేశంలో బ్యాంకు చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆ ఆధార్‌కు చివరగా మ్యాపింగ్ అయిన, అంటే జతపడిన, బ్యాంకుకే పోతుంది. ఇంటర్‌లో ఉండగా ఊళ్లో తెరిచిన ఖాతా ఒకటి, కర్నూలు వచ్చాక తెరిచింది ఇంకొకటి ఉన్న పిల్లలు ఆ రెండో బ్యాంకులో మ్యాపింగ్ ఫారం ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకోవాలి. కేవైసీకి ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన మ్యాపింగ్ అయినట్టు కాదు.

కుల ధ్రువీకరణ విషయంలోనూ స్పష్టత అవసరం. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాల పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. కాలేజీ అడ్మిషన్ రిజిస్టరులో ఒకటి, సచివాలయం ద్వారా తెచ్చుకున్న సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉంటే దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది. అడ్మిషన్ రోజే రెండూ సరిచూడాలని కాలేజీ ఆఫీసును కోరాం.

హాజరు

కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరి తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనికి వలస, వెళ్తారు. ఆ నెలల్లో ఇంటి దగ్గర ముసలివాళ్లను, చిన్నపిల్లలను చూసుకునే భారం డిగ్రీ చదివే పిల్ల మీదే పడుతుంది. హాజరు 75కి దిగువకు జారేది అప్పుడే. స్కాలర్‌షిప్పు పోయాక సాయం చేయడం కన్నా ఆ మూడు నెలలకు బస్‌పాస్, హాస్టల్ మెస్ ఖర్చు ఇవ్వడం మేలని కార్యవర్గం అభిప్రాయం. నిధిలో దానికి ప్రత్యేకంగా ఒక పద్దు పెట్టాం.

ఉత్తమ ప్రయోగ బహుమతి

మన సంఘం ఇచ్చే బహుమతుల్లో మాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 1928లో రామన్ తన ఆవిష్కరణ చేసిన ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, చాపెల్ హాలులో దీన్ని అందజేస్తాం. ఈ ఏడాది పరీక్షకు న్యూటన్ వలయాల ప్రయోగం తీసుకున్నాం. గాజుపలక మీద లెన్సు పెట్టి, సోడియం దీపం కాంతిలో కనిపించే వలయాల వ్యాసాలు కొలిచి, ఆ కాంతి తరంగదైర్ఘ్యం λ కనుక్కోవడం ఇందులో పని.

సోడియం దీపం నిండు పసుపుకు రావడానికి పది నిమిషాలైనా పడుతుంది. ఆ లోపు తీసిన రీడింగులు మసక వలయాలవే. లెన్సుకూ గాజుపలకకూ మధ్య దుమ్ము ఉంటే కేంద్రం నల్లగా కాకుండా వెలుగుగా కనిపించవచ్చు. మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది, మిగిలినా వ్యాసాల వర్గాల తేడానే వాడతాం కాబట్టి ఫలితం చెడదు. అసలు తప్పు ట్రావెలింగ్ మైక్రోస్కోపు దగ్గర జరుగుతుంది. ఎడమవైపు 20వ వలయం దాటి అవతలికి వెళ్లి, అక్కడి నుంచి ఒకే దిశలో కుడివైపు 20వ వలయం దాకా రావాలి. మధ్యలో మరను వెనక్కి తిప్పితే మర వదులు రీడింగులో చేరుతుంది. మైక్రోస్కోపు కనిష్ఠ కొలత 0.001 సెంటీమీటరు, వదులు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

వ్యాసం వర్గాన్ని వలయ సంఖ్యకు ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు 4λR (R అంటే లెన్సు వక్రతా వ్యాసార్ధం). ఆ రేఖను బలవంతంగా మూలబిందువు గుండా లాగడం మన రికార్డుల్లో ఏళ్ల తరబడి సాగుతున్న అలవాటు. అలా లాగితే వాలు మారిపోతుంది.

న్యాయనిర్ణేతలు ఎక్కువ మార్కులు ఇచ్చింది వక్రతా వ్యాసార్ధం R గురించిన ప్రశ్నకు. R కొలిచేది స్ఫెరోమీటరు అనే మూడు కాళ్ల పరికరంతో. దాని కాళ్ల మధ్య దూరం 4 సెంటీమీటర్లు, R సుమారు 100 సెంటీమీటర్లు అయితే ఎత్తు h దాదాపు 0.27 మిల్లీమీటర్లే. పరికరం కనిష్ఠ కొలత 0.01 మిల్లీమీటరు. అంటే R లోనే 4 శాతం దాకా అనిశ్చితి ఉంది. అలాంటప్పుడు λ విలువ సరిగ్గా 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చిందని రాసిన రికార్డును అనుమానంగానే చూడాలి. 5700 వచ్చినా, అంత తేడా స్ఫెరోమీటరు నుంచే రావచ్చని అంకెలతో చూపిన విద్యార్థే మన బహుమతికి తగినవాడు. పుస్తకంలోని విలువకు దగ్గరగా రావడాన్ని ఇకపై మార్కుల్లో లెక్కించకూడదని తీర్మానించాం.

స్మారక బహుమతులు

దాతల పేరిట ఉన్న డిపాజిట్ల వడ్డీతో ఇచ్చేవి ఇవి. లక్ష రూపాయలు 7 శాతానికి ఉంటే ఏడాదికి 7,000 వస్తుంది, రేటు తగ్గితే బహుమతీ తగ్గుతుంది. వడ్డీ మొత్తం పంచేయకుండా కొంత అసలులో కలపాలి, లేకుంటే ధరలు పెరిగే కొద్దీ బహుమతి విలువ కరిగిపోతుంది. కొన్ని పాత దానపత్రాల్లో ‘క్రైస్తవ విద్యార్థికే’ అన్న షరతు ఉంది. తరగతిలో అర్హులు లేని ఏడాది ఆ వడ్డీని వేరేవాళ్లకు ఇచ్చే అధికారం సంఘానికి లేదు, అసలుకు కలుపుతున్నాం. కొత్తగా ఇచ్చే దాతలు ‘అర్హులు లేనప్పుడు ప్రతిభ ఆధారంగా ఎవరికైనా’ అన్న ఒక్క వాక్యం చేర్చాలని మనవి. సంఘం సొంత నిధి నుంచి ఇచ్చే బహుమతులకు మతం, కులం షరతులు లేవు.

పోటీ పరీక్షలు

భారత భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం (ఐఏపీటీ) జనవరిలో జరిపే జాతీయ డిగ్రీ భౌతికశాస్త్ర పరీక్షకు ఫీజు సంఘమే కట్టింది. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరడానికి రాసే జామ్ మీద శిక్షణ పెట్టాం. అందులో 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. ఒక్క జవాబు ఎంచుకునే ప్రశ్నల్లోనే తప్పుకు మూడో వంతు కోత ఉంటుంది. అంకెల్లో జవాబు రాసే 20 ప్రశ్నలకు కోత లేదు, వాటిని ఖాళీగా వదలకూడదు. సొంత కాలిక్యులేటరు అనుమతించరు, తెర మీది దాన్నే మౌస్‌తో నొక్కాలి. అలవాటు లేని పిల్లలకు సమయం పోయేది అక్కడే కాబట్టి కంప్యూటర్ ల్యాబ్‌లోనే సాధన చేయించాం. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తులు సాధారణంగా శీతాకాలం మొదట్లోనే ముగుస్తాయి. అధ్యాపకుడి సిఫార్సు లేఖను అక్టోబరులోనే అడగాలి.

వచ్చే ఏడాది దరఖాస్తుల సహాయ కేంద్రం ఫిజిక్స్ ల్యాబ్‌లోనే నడుస్తుంది. బ్యాంకుల్లో, సచివాలయాల్లో పనిచేస్తున్న సభ్యులు వారానికి ఒక పూట రాగలిగితే తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. కాళ్ల మధ్య దూరం ఎక్కువున్న స్ఫెరోమీటర్లు కొనాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది.